ఇరవై సంఖ్యలు పట్టే పెట్టె

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం మిత్రులు ఫోన్ చేసినప్పుడు, బడి కబుర్లు రాసేవాళ్లు చాలామంది ఉంటారు గనక నా వృత్తికి సంబంధించిన చిన్న చరిత్ర ఒకటి రాస్తానన్నాను. "ఇంజనీరువు కదా, డ్యాముల గురించా?" అని అడిగారు. "కాదు, కాలిక్యులేటర్ల గురించి. అవి సంఖ్యల్ని ఎట్లా గుర్తుపెట్టుకుంటాయో దాని గురించి" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత "సరే, రాయి. మన లెక్కల అయ్యవారి పేరు నిలబెట్టు చాలు" అన్నారు.

ఆయన మాట లేకుండా ఈ వ్యాసం సాగదు. అక్కడి నుంచే మొదలుపెడతాను.

చింతచెట్టు నీడ

1980ల మొదట్లో రొద్దం హైస్కూల్లో మేము చదివేటప్పుడు సంఖ్యలు దాచుకునే చోట్లు రెండే. ఒకటి తల, రెండోది పుస్తకం. తలలో ఎక్కాలుండేవి. ఇరవయ్యో ఎక్కం దాకా తడబడకుండా అప్పజెప్పితేనే పై తరగతిలో పరువు. పుస్తకంలో లాగరిథమ్ పట్టికలుండేవి. పరీక్ష రోజు ఆ సన్నటి పుస్తకం ఇంట్లో మరిచిపోయి, పక్కవాడు ఎప్పుడు కింద పెడతాడా అని చూసినవాళ్లు ఈ సంచిక చదివేవారిలో కనీసం పదిమంది ఉంటారు.

పదో తరగతిలో ఎత్తులు, దూరాల పాఠం వచ్చినప్పుడు అయ్యవారు మమ్మల్ని బయటికి తీసుకెళ్లారు. చింతచెట్టు నీడ కొలవమన్నారు. మీటరు కర్ర నిలబెట్టి దాని నీడ కూడా కొలవమన్నారు. ఆ రెంటినీ బట్టి చెట్టు ఎత్తు కట్టాలి. నేను గబగబా కొలిచి, మనసులోనే గుణించి, భాగించి, పలకంత కాగితం మీద జవాబు ఒక్కటే రాసి అందరికంటే ముందు చూపించాను. ఆయన చూసి, "నీడెంతరా?" అని అడిగారు. గుర్తు లేదన్నాను. "కర్ర నీడ?" అదీ గుర్తు లేదు.

"లెక్క తప్పయితే మళ్లీ చేసుకోవచ్చు. కొలత పోతే ఎట్లరా? ఇదే ఎండ మళ్లీ తెస్తావా?" అన్నారు. అప్పటికే నీడ జరిగిపోయింది. నా జవాబు సరైనదో కాదో ఆ రోజు ఎవరికీ తెలియలేదు. సున్నా వేశారు. అందరికంటే ముందు చేసినవాడికి సున్నా ఏమిటని చాలాకాలం నాకు బాధగా ఉండేది. ఆ సున్నాకు అర్థం పదేళ్ల తర్వాత ఒక చెరువు కట్ట మీద తెలిసింది. అది తర్వాత చెబుతాను.

పట్టిక పోయి పద్ధతి వచ్చింది

లాగరిథమ్‌లను 1614లో లోకానికి చెప్పినవాడు స్కాట్లాండుకు చెందిన జాన్ నేపియర్. పది ఆధారంగా పట్టికలు తయారుచేసినవాడు హెన్రీ బ్రిగ్స్. మనం వాడిన నాలుగంకెల పట్టికలో 10 నుంచి 99 దాకా 90 వరసలు, ఒక్కో వరసలో పది గళ్లు. అంటే 900 సంఖ్యలు. ఎవరో ఒకసారి కష్టపడి కట్టి దాచిపెట్టిన ఆ 900 సంఖ్యల మీద మూడు వందల ఏళ్లకు పైగా ఇంజనీర్లు బతికారు.

1972లో అమెరికాలో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ హెచ్‌పీ-35 అనే కాలిక్యులేటర్ తెచ్చింది. చేతిలో పట్టే సైంటిఫిక్ కాలిక్యులేటర్లలో మొదటిది అదే. ముప్పై అయిదు మీటలున్నాయి గనక ఆ పేరు. వెల 395 డాలర్లు. సైన్, కాస్, టాన్, లాగ్ అన్నీ మీట నొక్కితే వచ్చేవి. మరి దాని కడుపులో లాగరిథమ్ పట్టిక ఉందా? లేదు. అంత చోటే లేదు. దాని మొత్తం బుద్ధి 768 ఆదేశాలు, అంతే. అందులోనే వర్గమూలాలు, త్రికోణమితి, లాగరిథమ్‌లు అన్నీ ఇమిడాయి.

ఎట్లా ఇమిడాయంటే, అది పట్టికను కాక పద్ధతిని దాచుకుంది. 2, 1.1, 1.01, 1.001 వంటి కొద్ది సంఖ్యల లాగరిథమ్‌లు మాత్రం లోపల ఉంటాయి. ఇచ్చిన సంఖ్యను ఇలాంటివాటి లబ్ధంగా విడగొట్టి, వాటి లాగ్‌లను కలుపుకుంటూ పోతే కావలసిన లాగ్ వస్తుంది. కలపడం, తీసివేయడం, ఒక స్థానం జరపడం వస్తే చాలు. త్రికోణమితికి 1959లో జాక్ వోల్డర్ అనే ఇంజనీరు విమానాల దారి లెక్కల కోసం కనిపెట్టిన ఇలాంటి ఉపాయమే ఆధారమైంది.

తొమ్మిది వందల సంఖ్యల పుస్తకం అవసరం తీరిపోవడానికి కారణం ఇదే. లెక్కకట్టి రాబట్టగలిగిన సంఖ్యను దాచనక్కర్లేదు, రాబట్టే దారిని దాచుకుంటే చాలు. కానీ ఆ హెచ్‌పీ-35లో వాడేవాడు తన సంఖ్యను దాచుకోవడానికి ఉన్నది ఒక్కటే గది. అప్పుడే జరుగుతున్న లెక్క కోసం నాలుగు అరలు వేరే ఉండేవి. ఆ ఒక్క గదిలో రెండో సంఖ్య పెడితే మొదటిది పోయినట్టే.

ధర్మవరం మగ్గం, జేబులో కార్డు

మీట నొక్కితే ఒక పని చేయడం వేరు. యాభై పనులను వరసగా గుర్తుపెట్టుకొని, చెప్పినప్పుడల్లా చేయడం వేరు. ఈ రెండోదాన్నే ప్రోగ్రాం అంటాం. ఇది మనకు కొత్త కాదు. ధర్మవరంలో పట్టుచీర నేసే మగ్గం పైన చిల్లుల అట్టల దండ వేలాడుతుంటుంది. చిల్లు ఉన్నచోట ఒక పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఒక్కో అట్ట అంచులోనో బుటాలోనో ఒక్కో వరసను చెబుతుంది. 1804 ప్రాంతంలో ఫ్రాన్సులో జోసెఫ్ మరీ జకార్డ్ చేసిన ఏర్పాటు అది. అందుకే దాన్ని జకార్డు అంటారు. ఆ చిల్లుల అట్టల ఊహే 1890లో అమెరికా జనాభా లెక్కలకు, తర్వాత కంప్యూటర్లకు పనికొచ్చింది. మా బంధువుల ఇంట్లో ఆ మగ్గం కింద కూర్చొని ఆడుకున్నవాణ్ణి నేను. ప్రోగ్రాం అంటే ఏమిటో కాలేజీలో చెప్పినప్పుడు నా కళ్ల ముందు ఆడింది ఆ అట్టల దండే.

1974లో హెచ్‌పీ-65 వచ్చింది. ఈ స్వర్ణోత్సవ వేళకు దానికీ యాభై ఏళ్లు నిండాయి. అది చేతిలో పట్టే మొదటి ప్రోగ్రామబుల్ కాలిక్యులేటర్. వంద ఆదేశాలు గుర్తుపెట్టుకుంటుంది, తొమ్మిది సంఖ్యలు దాచుకుంటుంది. వెల 795 డాలర్లు. రాసుకున్న ప్రోగ్రామును వేలెడంత అయస్కాంతపు కార్డు మీదికి ఎక్కించి జేబులో వేసుకోవచ్చు. 1975లో అమెరికా, రష్యా వ్యోమనౌకలు అంతరిక్షంలో కలుసుకున్న అపోలో-సోయుజ్ యాత్రలో వ్యోమగాములు దాన్ని వెంట తీసుకెళ్లారు.

అదే కాలంలో మనవాళ్లేం చేస్తున్నారని అడగొచ్చు. 1967లో హైదరాబాదులో ఈసీఐఎల్ పుట్టింది. దాన్ని నిలబెట్టిన ఎ.ఎస్.రావు గారు, అంటే అయ్యగారి సాంబశివరావు గారు, తెలుగువారు. హైదరాబాదులో ఎ.ఎస్.రావు నగర్ ఆయన పేరు మీదే ఉంది. 1969లో వచ్చిన టీడీసీ-12 మన దేశంలో తయారైన తొలితరం కంప్యూటర్లలో ఒకటి. దాని మాట పొడవు 12 బిట్లు. ఉత్తర భారతంలో డీసీఎం కంపెనీ కాలిక్యులేటర్లు చేసేది. 1976లో అక్కడి నుంచి బయటికొచ్చిన శివ నాడార్, ఆయన మిత్రులు మొదట కాలిక్యులేటర్లు అమ్మి, ఆ పునాది మీద హెచ్‌సీఎల్‌ను నిర్మించారు. ఇంత జరుగుతున్నా రొద్దంలో మాకు కనిపించిన ఎలక్ట్రానిక్ వస్తువు రేడియో ఒక్కటే. ప్రోగ్రామబుల్ కాలిక్యులేటర్ హిందూపురం అంగళ్లలో దొరికే సరుకు కాదు. విదేశాలకు వెళ్లినవాళ్లెవరైనా తెస్తే చూడాల్సిందే.

ఒక సంఖ్యకు ఏడు ఆదేశాలు

ఇప్పుడు అసలు విషయం. ఈ యంత్రం లోపల సంఖ్య ఎట్లా కూర్చుంటుంది?

మనవైపు భూమి మట్టం సముద్రానికి అయిదారు వందల మీటర్ల ఎత్తు. ఒకచోట మట్టం 563.425 అనుకుందాం. యంత్రం దీన్ని 5.63425 అనీ, పదికి ఘాతం 2 అనీ రెండు ముక్కలుగా చూస్తుంది. హెచ్‌పీ యంత్రాల్లో మొదటి ముక్కకు పది అంకెలు, దాని గుర్తుకు ఒకటి, ఘాతానికి రెండు అంకెలు, దాని గుర్తుకు ఒకటి. మొత్తం పద్నాలుగు గళ్లు. ఒక్కో గడికి నాలుగు బిట్లు. అంటే 56 బిట్లు, ఏడు బైట్లు. 563.425 అయినా, ఉత్త 2 అయినా అదే ఏడు బైట్లు. చిన్న సంఖ్య అని తక్కువ చోటు తీసుకోదు.

కంప్యూటర్లలా నేరుగా రెండు ఆధారంగా రాసుకోవచ్చు కదా అంటే, అట్లా రాస్తే 0.1 లాంటి మామూలు దశాంశం కూడా ఖచ్చితంగా పట్టదు, ఎక్కడో తోక మిగిలిపోతుంది. మీట నొక్కే మనిషి లెక్క పది అంకెల మీద నడుస్తుంది గనక యంత్రం కూడా ఒక్కో అంకెను విడిగా దాచుకుంది.

ఇక ఒక ఆదేశం, అంటే "కలుపు", "వర్గమూలం తీయి" వంటిది, ఒక బైటులో సరిపోతుంది. కాబట్టి ఒక సంఖ్య కూర్చునే చోట ఏడు ఆదేశాలు కూర్చోవచ్చు. యంత్రం చేసేవాళ్లకు ఇది తట్టకుండా ఉంటుందా? సంఖ్యలకొక గది, ఆదేశాలకొక గది అని గోడ కట్టే బదులు ఒకే గదిని ఇద్దరికీ పంచారు.

1977లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ తెచ్చిన టీఐ-59లో ఈ పంపకం వాడేవాడి చేతికే ఇచ్చారు. అందులో సంఖ్యకు పదహారు గళ్లు, అంటే ఎనిమిది బైట్లు. కొన్నప్పుడు 480 ఆదేశాలకు, 60 సంఖ్యలకు చోటు. సంఖ్యలు అక్కర్లేదంటే 960 ఆదేశాలు. ఎక్కువ సంఖ్యలు కావాలంటే 100 దాకా పెంచుకోవచ్చు, అప్పుడు ఆదేశాలకు 160 మిగులుతాయి. అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు గట్టు అటో ఇటో జరుగుతుంది, పొలం మాత్రం అంతే.

1979లో హెచ్‌పీ-41సీ వచ్చింది. అందులో 63 గదులు. ఒక్కోటి 64 గదులున్న అదనపు ముక్కలు నాలుగు గుచ్చితే మొత్తం 319. స్పేస్ షటిల్ తొలి యాత్రల్లో దాన్ని తీసుకెళ్లారు. జపాను కాసియో కంపెనీ ఎఫ్ఎక్స్-4500పీ మన సర్వే ఇంజనీర్లకు బాగా తెలిసిన పేరు. 1103 బైట్లు, ఇంగ్లీషు అక్షరాల పేర్లతో 26 గదులు. అంతకు మించి ప్రతి అదనపు గదికీ ప్రోగ్రాం నుంచి ఎనిమిది బైట్లు వదులుకోవాలి. పూర్తిగా వదులుకుంటే 163 గదులు.

ఇంకో చిక్కుండేది. తొలినాటి యంత్రాల్లో మీట ఆపగానే దాచినదంతా పోయేది. కరెంటు ఉన్నంతసేపే జ్ఞాపకం. 1976లో వచ్చిన హెచ్‌పీ-25సీ ఈ చిక్కు విప్పింది. చాలా తక్కువ కరెంటుతో బతికే సీమాస్ చిప్పులు వాడటంతో యంత్రం ఆపినా సంఖ్యలు నిలిచాయి. దాన్ని నిరంతర జ్ఞాపకం అన్నారు. ఆ మాట నమ్మే నేను దెబ్బతిన్నాను.

చెరువు కట్ట మీద

నా బీరువాలో ఇప్పటికీ ఒక హెచ్‌పీ-11సీ ఉంది. 1981లో వచ్చిన మోడలు, అడ్డంగా పట్టుకొని రెండు బొటనవేళ్లతో నొక్కేది. 1990ల మొదట్లో నేను పనిలో చేరిన కొత్తలో మా పెద్ద ఇంజనీరుగారు వాడుకోమని ఇచ్చారు. ఆయన బావమరిది అమెరికా నుంచి తెచ్చింది. తర్వాత ఆయన రిటైరవుతూ నాకే ఉంచేశారు.

దాని ఏర్పాటు ఇట్లా ఉంటుంది. మొదట 63 ఆదేశాలకు చోటు, ఇరవై సంఖ్యలకు గదులు. గదుల పేర్లు 0 నుంచి 9, తర్వాత చుక్క 0 నుంచి చుక్క 9 దాకా. ఇవి కాక ప్రత్యేకంగా ఒక గది ఉంది, దాని జోలికి పోనక్కర్లేదు. 64వ ఆదేశం నొక్కామంటే యంత్రం మనల్ని అడగదు. చివరి గది చుక్క 9ని పగలగొట్టి ఏడు ఆదేశాలకు చోటు చేస్తుంది. ఇంకా కావాలంటే చుక్క 8. అట్లా ఇరవై గదులూ పోతే 203 ఆదేశాల దాకా పెరుగుతుంది.

అప్పట్లో మన తాలూకాలోనే ఒక చెరువు తూము మరమ్మతు, దాని కింది పిల్లకాలువ పని నాకు అప్పగించారు. కాలువ లెక్కకు మానింగ్ సూత్రం వాడతాం. 1889లో ఐర్లండు ఇంజనీరు రాబర్ట్ మానింగ్ చెప్పింది. నీటి వేగం కావాలంటే కాలువ కొలతల నుంచి వచ్చే ఒక సంఖ్యను మూడింట రెండో ఘాతానికి ఎత్తాలి. ఆ సంఖ్య 0.8 అయితే లాగ్ పుస్తకంలో బార్ 1 పాయింట్ 9031 చూసి, రెండుతో గుణించి, మూడుతో భాగించి, యాంటీలాగ్ తీస్తే 0.8618. నీటి లోతు ఎంతో ముందు తెలియదు గనక ఒక లోతు అనుకొని, వేగం కట్టి, నీరు సరిపోలేదని మళ్లీ ఇంకో లోతుతో మొదటి నుంచి. పుస్తకంతో సాయంత్రం దాకా పట్టే పని. ప్రోగ్రాం రాసుకుంటే యంత్రం నిమిషాల్లో తేల్చేది. యాభై చిల్లర ఆదేశాలతో నేను రాసుకున్న ఆ ప్రోగ్రాం అంటే నాకు మహా గర్వం.

మొదటి రోజు మట్టాలు మోసుకొచ్చాం. రెండు కిలోమీటర్ల అవతలున్న పాత బెంచిమార్కు రాయి నుంచి లెవెలింగ్ యంత్రం వేసుకుంటూ, స్టాఫ్ పట్టుకుంటూ సాయంత్రానికి తూము రాయి దగ్గరికి చేరాం. ప్రతి చోటా చూసిన కొలతను ఫీల్డ్ బుక్కులో రాయాలి. నియమం అది. నేను రాయలేదు. చూసింది చూసినట్టు కాలిక్యులేటర్లో కలుపుకుంటూ, తీసివేసుకుంటూ వచ్చాను. చివరికి తేలిన తూము రాయి మట్టాన్ని చుక్క 9 గదిలో దాచాను. ఆపినా పోని జ్ఞాపకం కదా, రాత్రికి బుక్కులో ఫెయిర్ చేద్దాంలే అనుకున్నాను.

మా ఖలాసీ పెద్దాయన, "నంబరు చెప్పు సార్, రాయి మీద గీస్తా. పెయింటు రేపు ఏస్తా" అన్నాడు. చెప్పాను. ఆయన ఇటుక పెచ్చు తీసుకొని గీస్తుంటే నేను నవ్వి, "ఇందులో ఉందిలే పెద్దాయనా" అని యంత్రం చూపించాను. "ఉండనీలే సార్, ఈడ కూడా ఉంటే ఏం నష్టం" అన్నాడు.

ఆ రాత్రి బుక్కు తీయలేదు. ప్రోగ్రామును ఇంకా అందంగా చేద్దామనిపించింది. నీటి పైన కట్ట ఎంత ఎత్తుండాలో కూడా అదే చెప్పేట్టు కొన్ని ఆదేశాలు కలిపాను. లాంతరు వెలుగులో లెక్కపెట్టలేదు గానీ మొత్తం 68 అయ్యాయి.

పొద్దున కట్ట మీదికి పోయి చుక్క 9 నొక్కితే ఎర్రర్ 3 అని వచ్చింది. మళ్లీ నొక్కాను. అదే. ఆ గది ఇక లేదు. నిన్న రోజంతా ఎండలో మోసుకొచ్చిన సంఖ్య స్థానంలో నా అయిదు ఆదేశాలు కూర్చున్నాయి. యంత్రం తప్పేం లేదు. దాని పుస్తకంలో రాసినట్టే చేసింది.

కానీ నాకు భయం వేయలేదు. ఎందుకంటే సంఖ్య నాకు నోటికి గుర్తుంది. 563.245. అంత బాగా గుర్తుంది. అది బుక్కులో రాసి పని మొదలుపెట్టబోయాను. పెద్దాయన తూము రాయి దగ్గర నిలబడి, "ఈడ అట్ల లేదే సార్" అన్నాడు. వంగి చూశాను. 563.425.

ఆయనకు దశాంశాలతో పని లేదు. నేను చెప్పిన అంకెలను చెప్పిన వరసలో, చుక్కతో సహా, దించేశాడు. వరస మార్చే తెలివి నాది. తేడా 18 సెంటీమీటర్లు. రెండు వేల మీటర్లకు ఒక మీటరు వాలున్న కాలువలో 18 సెంటీమీటర్లంటే 360 మీటర్ల పొడవున దక్కే వాలు. మట్టాలు 18 సెంటీమీటర్లు తారుమారైతే తూము గడప అంత పైనన్నా కూర్చుంటుంది, కిందకన్నా దిగుతుంది. పైన కూర్చుంటే చెరువు అడుగున అన్ని నీళ్లు పొలాలకు ఎక్కకుండా నిలిచిపోతాయి. మనవైపు చెరువు నిండటమే ఎన్నేళ్లకో ఒకసారి. పంట చివరి తడికి జానెడు నీళ్లు అందాయా లేదా అన్నదాని మీద సంవత్సరపు తిండి ఆధారపడే ఊళ్లు మనవి. కింది మడి రైతులు ఆ రోజు కట్ట మీద నిలబడి మమ్మల్ని చూస్తున్నారు. వాళ్లకు ఏం జరిగిందో తెలియదు.

రెండింటిలో ఏది నిజమో తేల్చుకోవడానికి దారి ఒక్కటే. ఆ రోజంతా మళ్లీ బెంచిమార్కు దాకా మట్టాలు వెనక్కి మోసుకెళ్లాం. ఈసారి ప్రతి కొలతా బుక్కులో పడింది. పెద్దాయన గీసిన సంఖ్యకూ దానికీ తేడా ఆరు మిల్లీమీటర్లు. రెండు కిలోమీటర్ల దూరానికి అది ఒప్పుకోదగ్గ తేడా. సాయంత్రం రాయి మీద తెల్ల పెయింటు వేశాడు.

తిరిగి వస్తుంటే చింతచెట్టు నీడ గుర్తొచ్చింది. మానింగ్ ప్రోగ్రాం పోయుంటే ఆ రాత్రే మళ్లీ రాసుకునేవాణ్ణి. కాలువ లోతు పోతే మళ్లీ కట్టుకునేవాణ్ణి. మట్టం అట్లాంటిది కాదు. అది ఏ సూత్రంలోంచీ రాదు, ఎండలో నడిస్తేనే వస్తుంది. ఇరవై గదులున్న పెట్టెలో ఏది పెట్టాలో, ఏది మళ్లీ రాబట్టుకోవచ్చో తెలియని నాకు అయ్యవారు వేసిన సున్నా సరైన మార్కే.

ఇప్పుడు గదులు ఎన్ని?

తర్వాత సంగతులు మీకు తెలిసినవే. ఇప్పటి సర్వే యంత్రాలు కొలతను తామే దాచుకుంటాయి. మన పిల్లలు ఇంజనీరింగుకు కొనే కాసియో ఎఫ్ఎక్స్-991ఎంఎస్ వంటివాటిలో ప్రోగ్రాం ఉండదు, తొమ్మిది గదులుంటాయి. ప్రోగ్రామబుల్ అయితే పరీక్ష హాల్లోకి రానివ్వరు. సూత్రాలు పిల్లవాడి తలలో ఉండాలి గానీ యంత్రంలో కాదని అందులో ఉద్దేశం. గేట్ పరీక్షలో అయితే కంప్యూటర్ తెర మీదే కాలిక్యులేటర్ ఇస్తారు, మనది తీసుకెళ్లే పనే లేదు.

చేతిలో ఫోను సంగతి చూడండి. ఎనిమిది జీబీ జ్ఞాపకం ఉన్న ఫోనులో ఏడేసి బైట్ల చొప్పున సంఖ్యలు పేర్చుకుంటూ పోతే సుమారు 120 కోట్లు పడతాయి. 2011 జనాభా లెక్కల్లో మన దేశ జనాభా 121 కోట్లు. దాదాపు మనిషికొక సంఖ్య. ఒకప్పుడు ఇరవై గదులకు ఆలోచించి, ఏరి, సర్దుకున్న మనం ఇప్పుడు ఏదీ ఏరనక్కర్లేదు. అన్నీ ఉంటాయిలే అన్న ధీమా వచ్చింది. చుక్క 9లో దాచినప్పుడు నాకున్న ధీమా కూడా అదే.

ఈ వ్యాసం రాయడానికి కూర్చుంటూ మా పదో తరగతి గ్రూపు ఫోటో తీశాను. అందులో మూడో వరసలో ఇద్దరి పేర్లు నాకు తెలియలేదు. మా బ్యాచి మిత్రులు నలుగురికి పంపాను. నలుగురూ నాలుగు పేర్లు చెప్పారు, నాలాగే గట్టి నమ్మకంతో. ఫోటో ఇప్పుడు పదిమంది ఫోన్లలో ఉంది, నలభై ఏళ్ల తర్వాత కూడా ముఖాలు చక్కగా కనిపిస్తున్నాయి. వెనకాల ఇటుక పెచ్చుతో గీసినవాడే లేడు.

బడికి ఎన్నేళ్లు, ఎన్ని బ్యాచిలు అన్నది ఎవరైనా లెక్కకట్టి చెప్పగలరు. ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఆ ఏడు ప్రార్థనలో ఎవరు పాడారు, ఏ అయ్యవారు ఏ సంవత్సరం వచ్చి ఏ సంవత్సరం బదిలీ అయ్యారు అన్నవి లెక్కకు వచ్చేవి కావు. తెలిసినవాళ్లు ఉన్నప్పుడే రాసి పెట్టుకోవాలి. అందుకని సంఘం పెద్దలకు ఒక మనవి. స్వర్ణోత్సవం రోజు ఒక బల్ల వేసి, అందరినీ పాత ఫోటోలు తెమ్మని చెప్పండి. ముఖం చూసి పేరు గుర్తుపట్టినవాళ్లు వెనకాల పేరు, ఊరు, సంవత్సరం రాయాలి. ఇద్దరు రెండు పేర్లు చెబితే రెండూ రాయండి, తర్వాత తేల్చుకుందాం.

ఆ బల్ల దగ్గర నేను కూర్చుంటాను. పెన్సిళ్లు నేనే తెస్తాను. కాలిక్యులేటర్ కూడా తెస్తాను. అందులో ఆ 68 ఆదేశాలు ఇప్పటికీ ఉన్నాయి, చూడాలనుకున్నవాళ్లు చూడొచ్చు.